పది నిమిషాలు వణికితే గంట నడిచినట్టేనా? వైబ్రేషన్ ప్లేట్ల గురించి నా మాట

మా ఇంట్లో ఎవరు ఏ ఎలక్ట్రానిక్ వస్తువు కొనాలన్నా ముందు నాకే ఫోన్ వస్తుంది. బాబాయికి పదిహేను వేలలో ఫోన్, పిన్నికి ఎయిర్ ఫ్రయర్, పక్కింటి అంకుల్‌కి సీసీ కెమెరా. బీటెక్ చేసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నందుకు నాకు దక్కిన శాశ్వత హోదా ఇది. ఇది చదివేవాళ్లలో సగం మందికి ఈ హోదా ఉండే ఉంటుంది.

రెండేళ్ల కిందట దసరా సేల్‌లో నేను అమ్మకి ఒక గిఫ్ట్ కొన్నాను. హోల్ బాడీ వైబ్రేషన్ ప్లేట్. బాత్రూమ్ వెయిట్ మెషీన్‌ని మూడింతలు చేసినట్టు ఉంటుంది. దాని మీద నిలబడి రిమోట్ నొక్కితే ఒళ్లంతా అదురుతుంది. ఎమ్మార్పీ కొట్టేసి, బ్యాంక్ ఆఫర్ పోగా ఎనిమిదిన్నర వేలు పడింది. కొనేముందు ప్రైస్ హిస్టరీ చూశాను, మోటార్ వాట్స్ చూశాను, వారంటీ చూశాను, వన్ స్టార్ రివ్యూలు కూడా చదివాను. ఒక్కటే చూడలేదు: అది చెప్పిన పని చేస్తుందా లేదా అన్నది.

ఈ ఆర్టికల్ ఆ తప్పు గురించి. ఇది ఒక మోడల్ రివ్యూ కాదు కాబట్టి బ్రాండ్ పేరు చెప్పను. ఆన్‌లైన్‌లో దొరికే ఇలాంటి ప్లేట్లలో చాలావాటి పేజీల్లో ఇవే మాటలు కనిపిస్తాయి: "10 నిమిషాలు నిలబడితే గంట నడిచినట్టే", "ఎముకలు గట్టిపడతాయి", "వ్యోమగాములు వాడే టెక్నాలజీ". ఈ మూడు మాటలనీ ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఇది ఏంటి?

మీ ఫోన్ వైబ్రేట్ అయ్యేది ఎలాగో తెలిసే ఉంటుంది. బడ్జెట్ ఫోన్లలో చిన్న మోటార్ ఉంటుంది, దాని కడ్డీకి ఒక పక్కకి బరువు తగిలించి ఉంటుంది. తిరిగినప్పుడు బ్యాలెన్స్ తప్పి ఫోన్ అంతా అదురుతుంది. మంచి ఫోన్లలో లీనియర్ మోటార్ ఉంటుంది, అందుకే వాటి హాప్టిక్స్ అంత నీట్‌గా ఉంటాయి. వైబ్రేషన్ ప్లేట్ కూడా ఇదే కాన్సెప్ట్, ఫోన్ బదులు మనిషిని అదిరిస్తుంది.

ప్లేట్లలో ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో ప్లేట్ మొత్తం ఒకేసారి పైకీ కిందకీ కదులుతుంది. జిమ్‌లలో కనిపించే పవర్ ప్లేట్ ఈ రకం, సాధారణంగా 25 నుంచి 50 హెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. రెండో రకం పిల్లలు ఆడుకునే సీసా లాంటిది. మధ్యలో ఇరుసు, ఎడమ కాలు పైకి వెళ్తే కుడి కాలు కిందకి వస్తుంది. జర్మనీ వాళ్ల గెలీలియో ఈ రకం. మనం ఇళ్లలోకి కొనే చవక ప్లేట్లు ఎక్కువగా ఈ సీసా రకమే. వీటిలో కాళ్లు ఎంత దూరంగా పెడితే కదలిక అంత పెద్దది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

శరీరంలో జరిగేది కూడా కట్టుకథేమీ కాదు. కండరం హఠాత్తుగా సాగినప్పుడు దానంతట అదే బిగుసుకునే రిఫ్లెక్స్ మనకి ఉంది. వైబ్రేషన్‌తో ఈ రిఫ్లెక్స్‌ని రప్పించవచ్చని 1960లలోనే ఎక్లండ్, హాగ్‌బార్త్ అనే స్వీడన్ పరిశోధకులు చూపించారు. ప్లేట్ మీద నిలబడితే తొడలు, పిక్కలు పనిచేస్తున్నట్టు అనిపించేది అందుకే. అంటే ఏదో జరుగుతోంది, నిజమే. ఎంత జరుగుతోంది, ఎవరికి, దేనికి బదులుగా అన్నదే అసలు ప్రశ్న.

కొత్త టెక్నాలజీ అంటున్నారు, నూట ముప్పై ఏళ్ల పాతది

19వ శతాబ్దం చివర్లో పారిస్‌లో షార్కో అని పెద్ద న్యూరాలజిస్ట్ ఉండేవాడు. దూరం రైలు ప్రయాణమో గుర్రపు బండి ప్రయాణమో చేసి వచ్చాక ఒళ్లు తేలికగా ఉందని పార్కిన్సన్స్ పేషెంట్లు కొందరు ఆయనతో అన్నారు. దాంతో ఆయన రైలులా అదిరే కుర్చీ ఒకటి చేయించాడు. ఆయన శిష్యుడు జిల్ ద లా టూరెట్ ఇంకో అడుగు ముందుకేసి తలకి పెట్టుకునే వైబ్రేటింగ్ హెల్మెట్ తయారుచేశాడు. అటు అమెరికాలో, బ్యాటిల్ క్రీక్ శానిటోరియంలో, కార్న్ ఫ్లేక్స్‌తో పేరొచ్చిన డాక్టర్ కెల్లాగ్ కూడా వైబ్రేటింగ్ కుర్చీలు పెట్టాడు.

షార్కో కుర్చీ కథకి మంచి క్లైమాక్స్ ఉంది. 2012లో అమెరికా పరిశోధకులు అదే ఐడియాని సరైన పద్ధతిలో మళ్లీ టెస్ట్ చేశారు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లని రెండు గ్రూపులు చేశారు. ఒక గ్రూపు కుర్చీ అదిరింది, రెండో గ్రూపు కుర్చీ అదరలేదు, ప్రశాంతంగా సౌండ్స్ వింటూ కూర్చున్నారు అంతే. ఫలితం? రెండు గ్రూపుల్లోనూ మెరుగుదల కనిపించింది, వాళ్ల మధ్య తేడా మాత్రం లేదు. అంటే రోజూ కాసేపు కూర్చోవడం, ఎవరో పట్టించుకోవడం, మంచి జరుగుతుందన్న నమ్మకం, వీటి వల్ల వచ్చిన మార్పే తప్ప అదురు వల్ల వచ్చిందని చెప్పడానికి లేదు.

"నాకు పనిచేసింది" అనే ఫైవ్ స్టార్ రివ్యూ చదివినప్పుడల్లా నాకు ఆ అదరని కుర్చీ గుర్తొస్తుంది.

ఎముకల మాట: గొర్రెలకి ఎస్, మనుషులకి?

ఎముకల క్లెయిమ్ గాల్లోంచి పుట్టలేదు, దాని వెనక మంచి సైన్స్ పేపరే ఉంది. 2001లో నేచర్ జర్నల్‌లో క్లింటన్ రూబిన్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. పెద్ద గొర్రెల వెనక కాళ్లకి రోజుకి 20 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, ఏడాదిపాటు సన్నటి వైబ్రేషన్ ఇచ్చారు. 30 హెర్ట్జ్, 0.3 జి. తొడ ఎముక పైభాగంలోని స్పాంజి లాంటి ఎముక సాంద్రత 34 శాతం పెరిగింది. ఇది చిన్న విషయం కాదు. చూసిన ఎవరికైనా ఆశ పుడుతుంది.

కానీ మనం గొర్రెలం కాదు. 2011లో టొరంటోలో, మెనోపాజ్ దాటి ఎముకల సాంద్రత తక్కువగా ఉన్న 202 మంది ఆడవాళ్ల మీద ఏడాదిపాటు ట్రయల్ చేశారు. ఒక గ్రూపుకి 90 హెర్ట్జ్, ఒక గ్రూపుకి 30 హెర్ట్జ్, రోజూ 20 నిమిషాలు. మూడో గ్రూపుకి ప్లేట్ లేదు. ఏడాది తర్వాత ఎముకల సాంద్రతలో తేడా రాలేదు. తర్వాత బోస్టన్ ప్రాంతంలో 174 మంది పెద్దవాళ్ల మీద రెండేళ్ల ట్రయల్ జరిగింది. సగం మందికి నిజం ప్లేట్, సగం మందికి డమ్మీ ప్లేట్. 2015లో వచ్చిన ఫలితం మళ్లీ అదే, తేడా లేదు. గమనించండి, ఈ రెండో ట్రయల్ చేసినవాళ్లలో గొర్రెల ప్రయోగం చేసిన రూబిన్ కూడా ఉన్నాడు. సొంత ఐడియా మనుషుల్లో పనిచేయలేదని పేపర్‌లో రాసుకున్నాడు. సైన్స్ అంటే నాకు గౌరవం ఇక్కడే. ప్రొడక్ట్ పేజీల్లో మాత్రం ఇప్పటికీ గొర్రెల కథే నడుస్తోంది, అదీ గొర్రెలు అన్న మాట తీసేసి.

బరువు తగ్గే కథ కూడా ఇంతే. 2017లో అమెరికాలోని అగస్టా యూనివర్సిటీ వాళ్లు జన్యుపరంగా ఊబకాయం, షుగర్ ఉన్న ఎలుకలని కొన్నింటిని ట్రెడ్‌మిల్ మీద నడిపించారు, కొన్నింటిని రోజుకి 20 నిమిషాలు అదిరించారు. రెండింటిలోనూ కొన్ని మంచి మార్పులు దాదాపు ఒకేలా వచ్చాయి. మీడియాలో అది "వ్యాయామం అక్కర్లేదు, అదిరితే చాలు" అయిపోయింది. మనుషుల లెక్క వేరు. ఊరికే నిలబడి ఉన్నవాళ్లని ప్లేట్ అదిరిస్తే ఖర్చయ్యే శక్తి మామూలు నడక స్థాయికి అటూఇటూగా ఉంటుంది. 70 కేజీల మనిషి పది నిమిషాలు మామూలుగా నడిస్తే దాదాపు 40 కేలరీలు ఖర్చవుతాయి. ప్లేట్ మీదా అంతే అనుకున్నా, ఒక ఇడ్లీ కరగడమే గగనం. పది నిమిషాల ప్లేట్ మహా అయితే పది నిమిషాల నడక, గంట నడక కాదు.

ఇక వ్యోమగాముల సంగతి. అంతరిక్షంలో ఎముకలు బలహీనపడతాయి, దానికి పరిష్కారంగా వైబ్రేషన్ మీద పరిశోధన జరిగింది, అంతవరకు నిజం. కానీ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు రోజుకి దాదాపు రెండు గంటలు చేసేది ట్రెడ్‌మిల్, సైకిల్, బరువులు ఎత్తే మెషీన్ మీద కసరత్తు. ఇంకో తమాషా ఏంటంటే అక్కడి ట్రెడ్‌మిల్‌కి వైబ్రేషన్ ఐసోలేషన్ సిస్టమ్ ఉంటుంది, అడుగుల అదురు స్టేషన్‌కి తగలకుండా. అంటే వాళ్లు ఖర్చుపెట్టింది అదురుని ఆపడానికి!

స్పెక్ షీట్ ఎక్కడ?

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నేను చేసిన పని ఇది. పాత ఫోన్ ఒకటి తీసి, జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ యాప్ వేశాను. ఫ్రీ యాప్, ఫోన్‌లో ఉన్న సెన్సర్లన్నిటి రీడింగులూ గ్రాఫ్‌గా చూపిస్తుంది. ఫోన్‌ని ప్లేట్ అంచున టేప్‌తో గట్టిగా అంటించి యాక్సిలరోమీటర్ ఆన్ చేశాను. ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌లకి మామూలుగా సెకనుకి 200 రీడింగులకి మించి ఇవ్వరు, కానీ పది పదిహేను హెర్ట్జ్ కొలవడానికి అది చాలా ఎక్కువ.

పాత ఫోనే ఎందుకంటే, బైక్ ఇంజిన్ లాంటి బలమైన వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరాలోని స్టెబిలైజేషన్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని 2021లో యాపిల్ వాళ్లే హెచ్చరించారు. ఒక్క క్షణం ఆలోచించండి. మన ఫోన్‌ని అదురులో పెట్టడానికి భయపడతాం, అమ్మని మాత్రం రోజూ నిలబెడతాం.

బాక్స్ మీద ఏముంది? "99 స్పీడ్ లెవెల్స్". అంతే. హెర్ట్జ్ లేదు, కదలిక ఎన్ని మిల్లీమీటర్లో లేదు, జి ఎంతో లేదు. ఫోన్ బాక్స్ మీద "99 లెవెల్స్ స్పీడ్ ఉన్న ప్రాసెసర్" అని రాస్తే మనం ఊరుకుంటామా? కామెంట్లలో ఏకిపారేస్తాం.

నా కొలతలో లెవెల్ 99 దగ్గర దాదాపు 11 హెర్ట్జ్ వచ్చింది. ప్లేట్ అంచు దగ్గర గరిష్ఠంగా 2.4 జి వరకు వెళ్లింది. లెక్కలో చూసుకున్నా సరిపోతుంది. గరిష్ఠ త్వరణం అంటే ఫ్రీక్వెన్సీని రెండు పైలతో గుణించి, వర్గం చేసి, కదలికతో గుణించడమే. ఇంటర్ ఫిజిక్స్. 11 హెర్ట్జ్, మధ్య నుంచి పైకి 5 మిల్లీమీటర్లు, కిందకి 5 మిల్లీమీటర్లు అనుకుంటే 2.4 జి వస్తుంది.

ఇప్పుడు గొర్రెల ప్రయోగానికి ఇదే ఫార్ములా వేయండి. 30 హెర్ట్జ్, 0.3 జి అంటే కదలిక మిల్లీమీటర్‌లో పన్నెండో వంతు. దాదాపు వెంట్రుక మందం. అది పైకి కనిపించను కూడా కనిపించదు. మా ఇంటి ప్లేట్ దానికి ఎనిమిది రెట్లు జి ఇస్తోంది, కదలిక అరవై రెట్లు. రెండింటినీ వైబ్రేషన్ అనే అంటాం. కానీ ఆ పరిశోధన చూపించి ఈ ప్లేట్ అమ్మడం, డీఎస్ఎల్ఆర్‌తో తీసిన ఫోటో చూపించి ఫోన్ అమ్మడం లాంటిదే.

ఇంకో విషయం. ఫ్యాక్టరీల్లో, లారీల్లో, ట్రాక్టర్ల మీద ఒళ్లంతా అదరడాన్ని థెరపీ అనరు, ప్రమాదం అంటారు. ఏళ్ల తరబడి అలా కూర్చునే డ్రైవర్లకి నడుము నొప్పి ఎక్కువని చాలా పరిశోధనలు చెప్పాయి. దీనికి ఐఎస్ఓ 2631 అనే స్టాండర్డ్ ఉంది. యూరప్‌లో 2002 నాటి ఆదేశం ప్రకారం ఎనిమిది గంటల పనిదినానికి సగటు పరిమితి 1.15 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్. మా ప్లేట్ అంచున వచ్చిన రీడింగ్‌ని ఆ లెక్కలో వేస్తే, రోజంతటి కోటా సుమారు రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. కాళ్లు దగ్గరగా, సగం దూరంలో పెడితే సుమారు పది నిమిషాలు. ఇది ఉద్యోగుల కోసం పెట్టిన రూలు, ఎక్కువగా కూర్చున్నవాళ్ల కోసం. మోకాళ్లు కొంచెం వంచి నిలబడితే నడుము పైకి చేరే అదురు బాగా తగ్గుతుంది. కాబట్టి దీన్ని బట్టి ప్లేట్ ఎక్కితే దెబ్బ తగిలినట్టే అని నేననను. కానీ ఆ స్టాండర్డ్ నిలువు అదురులో మనిషికి ఎక్కువ ఇబ్బంది అని లెక్కలోకి తీసుకునే ఫ్రీక్వెన్సీలు 4 నుంచి 12 హెర్ట్జ్ ప్రాంతంలోనే ఉంటాయి. ఇంట్లో వాడే చవక ప్లేట్లు పనిచేసేదీ అక్కడే. ఈ ముక్క మాన్యువల్‌లో ఎక్కడా లేదు. మోకాళ్లు వంచమన్న సలహా కూడా లేదు. అమ్మ ఇన్నాళ్లూ నిటారుగా నిలబడి, కాళ్లు వీలైనంత దూరంగా పెట్టి చేసింది. "ఎక్కువ అదిరితే ఎక్కువ మంచిది కదరా" అంది.

అమ్మ సంగతి

అసలు విషయానికొస్తున్నాను. అమ్మకి 54 ఏళ్లు. ప్లేట్ కొనడానికి కొంచెం ముందే డెక్సా స్కాన్ తీస్తే టి స్కోర్ మైనస్ 1.9 వచ్చింది. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే ఆస్టియోపీనియా, మైనస్ 2.5, ఇంకా కింద ఉంటే ఆస్టియోపోరోసిస్. డాక్టర్‌గారు క్యాల్షియం, విటమిన్ డి రాసి, రోజూ నడవమన్నారు, కాళ్లకీ నడుముకీ బలం వచ్చే ఎక్సర్‌సైజులు నేర్పించారు. అమ్మ చక్కగా మొదలుపెట్టింది. తెల్లవారుజామున కాలవ గట్టు మీద పక్కింటి ఆంటీతో నలభై నిమిషాలు నడిచేది. రాగానే కుర్చీలోంచి లేచి కూర్చునే ఎక్సర్‌సైజులు చేసేది.

అప్పుడు నేను ప్లేట్ పంపించాను. ప్రేమగా, సర్‌ప్రైజ్‌గా.

ఫోన్‌లో రోజూ అడిగేవాణ్ణి, "చేస్తున్నావా అమ్మా?" అని. "మూడు పూటలా చేస్తున్నా నాన్నా" అనేది. నాకు సంతోషం. నేను అడగని ప్రశ్న ఒకటుంది: నడుస్తున్నావా?

ఏడాదిన్నర తర్వాత మళ్లీ స్కాన్ తీయిస్తే మైనస్ 2.3. రిపోర్ట్ ఫోటో వాట్సాప్‌లో వచ్చినప్పుడు ఆఫీసులో స్టాండప్ కాల్‌లో ఉన్నాను. సాయంత్రం ఫోన్ చేసి అడిగాను.

"నడక మానేశావా?"

"పది నిమిషాలు నిలబడితే గంట నడిచినట్టే అని నువ్వే కదరా చెప్పింది. మళ్లీ నడక ఎందుకు? మోకాళ్లు అరగడానికా?"

నిజమే. ఆ వాక్యం ప్రొడక్ట్ పేజీలోది. కానీ అమ్మకి చెప్పింది నేను. అమ్మ నమ్మింది కంపెనీని కాదు, నన్ను.

ప్లేట్ వల్లే ఎముకలు తగ్గాయని నేను అనను. ఆ వయసులో తగ్గడం మామూలే, నడిచినా కొంత తగ్గేదేమో. స్కాన్‌కీ స్కాన్‌కీ కొంత తేడా కూడా ఉంటుంది. కానీ పనికొచ్చే అలవాటు ఒకటి ఏడాదిన్నర పాటు ఆగిపోయింది, దాని స్థానంలోకి నేను పంపిన డబ్బా వచ్చింది. ఇలాంటి గ్యాడ్జెట్లతో అసలు నష్టం ఇదే అని నా అభిప్రాయం. అవి నేరుగా దెబ్బ కొట్టకపోవచ్చు, మంచి అలవాటుని పక్కకి తోసేస్తాయి. ఎనిమిదిన్నర వేలు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు.

మరి ఎవరికీ పనికిరాదా?

అలా అనడం కూడా తప్పే. లేచి నడవడం కష్టమైన పెద్దవాళ్లలో కాళ్ల బలం, బ్యాలెన్స్ కొంచెం మెరుగయ్యాయని చెప్పిన పరిశోధనలు ఉన్నాయి. మోకాళ్ల ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకి మామూలు ఎక్సర్‌సైజులతో పాటు దీన్ని కలిపితే కొంత ఉపశమనం కనిపించిన సందర్భాలూ ఉన్నాయి. జర్మనీలోని కొలోన్‌లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల పునరావాస కార్యక్రమంలో సీసా రకం ప్లేట్ వాడుతున్నారు. ఈ అన్నిటిలో కామన్ పాయింట్ గమనించండి: పక్కన ఫిజియోథెరపిస్ట్ ఉంటాడు, ఫ్రీక్వెన్సీ, సమయం లెక్క ప్రకారం ఉంటాయి, ప్లేట్ ఎక్సర్‌సైజుకి తోడుగా ఉంటుంది. బదులుగా కాదు.

వాడకూడనివాళ్ల లిస్ట్ మాత్రం పెద్దదే. గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు, కిడ్నీలో గానీ పిత్తాశయంలో గానీ రాళ్లున్నవాళ్లు, రెటీనా సమస్య ఉన్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, ఈమధ్యే ఎముక విరిగినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఎక్కకూడదు. మన ఇళ్లలో ఇలాంటి మెషీన్ వస్తే ఏం జరుగుతుందో మీకు తెలుసు. తాతయ్య నుంచి పక్కింటి పిల్లాడి దాకా అందరూ ఒక రౌండ్ ఎక్కుతారు. షుగర్ వల్ల కళ్లు దెబ్బతిన్న పెద్దవాళ్లు మన వీధుల్లో ఎంతమంది ఉన్నారో ఒకసారి గుర్తుచేసుకోండి.

ఎముకల కోసం నిజంగా ఏదైనా చేయాలంటే, దానికి ట్రయల్ ఉంది. 2018లో ఆస్ట్రేలియా వాళ్లు ప్రచురించిన లిఫ్ట్‌మోర్ ట్రయల్. ఎముకల సాంద్రత తగ్గిన, మెనోపాజ్ దాటిన 101 మంది ఆడవాళ్లు. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ట్రైనర్ల పర్యవేక్షణలో బరువులు ఎత్తించారు, ఎనిమిది నెలలు. నడుము ఎముకల సాంద్రత దాదాపు 3 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి ఎక్సర్‌సైజులు చేసిన గ్రూపుకి ఒక శాతం పైగా తగ్గింది. బరువులు ఎత్తడం అమ్మలు, అత్తయ్యల పని కాదని మనం అనుకుంటాం. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ ఇంట్లో ఎవరు ఎత్తుతున్నారో చూశాక మాట్లాడండి. అలాగని ఇంట్లో ఒంటరిగా బరువులు ఎత్తమనడం లేదు, నేర్పేవాళ్లు పక్కన ఉండాలి.

నేను అడిగేది ఇంతే

అమ్మేవాళ్లకి: ప్రతి స్పీడ్ లెవెల్‌కీ హెర్ట్జ్, మిల్లీమీటర్లు, జి రాయండి. ఎవరు వాడకూడదో బాక్స్ మీద, తెలుగులో, పెద్ద అక్షరాలతో వేయండి. "గంట నడకతో సమానం" అన్న మాటకి మనుషుల మీద చేసిన ట్రయల్ ఉంటే చూపించండి, లేకపోతే తీసేయండి.

రివ్యూలు చేసేవాళ్లకి: ఫోన్ కెమెరా బాలేదంటే జనం ఇంకో ఫోన్ కొనుక్కుంటారు. హెల్త్ గ్యాడ్జెట్ రివ్యూ తప్పైతే ఒకళ్ల నడక ఆగిపోతుంది. అన్‌బాక్సింగ్ చేసి, మీద ఎక్కి నవ్వుకుంటూ ఊగి, "ఫీల్ బాగుంది" అని లింక్ పెట్టడం రివ్యూ కాదు. బిల్డ్ క్వాలిటీకి పదికి ఎనిమిది ఇవ్వండి, అభ్యంతరం లేదు. ఆరోగ్యానికి మార్కులు వేసే ముందు మాత్రం ఆగండి.

మనకి: ఇంట్లో మనమే టెక్ సపోర్ట్. మనం లింక్ పంపితే అది రికమెండేషన్ కాదు, హామీ. కాబట్టి ఇలాంటివి కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఇది మనుషుల మీద, డమ్మీ గ్రూపుతో పోల్చి, పనిచేసిందా? ఇది ఇంట్లోకి వస్తే ఏ అలవాటు బయటికి పోతుంది? మొదటి దానికి పది నిమిషాలు వెతికితే జవాబు దొరుకుతుంది. రెండో దానికి అమ్మకి ఫోన్ చేయాలి.

ఇక నా వెర్డిక్ట్. నడవగలిగిన మనిషికి నడకకి బదులుగా వైబ్రేషన్ ప్లేట్: కొనొద్దు. నడవలేని మనిషికి, ఫిజియోథెరపిస్ట్ చెబితే, ఆయన ఎదురుగా: ఆలోచించవచ్చు. ఎముకల కోసం అని ఎవరైనా అమ్మజూపితే: గొర్రెల గురించి అడగండి.

అమ్మ ఇప్పుడు వారానికి రెండు రోజులు ఫిజియోథెరపిస్ట్ దగ్గరకి వెళ్తోంది. రెండు కేజీల డంబెల్స్‌తో మొదలుపెట్టి నాలుగుకి వచ్చింది. నడక కోసం పక్కింటి ఆంటీని మళ్లీ ఒప్పించడానికి నెల పట్టింది, ఎందుకంటే ఈలోగా ఆవిడ కూడా మా ప్లేట్ చూసి ఒకటి కొనేసింది. మా ప్లేట్ వరండాలో ఉంది. దాని మీద ఆవకాయ జాడీ పెట్టారు. ప్లగ్ నేనే పీకేసి వచ్చాను.